పలుచని పర్లిన్లు, గట్టి జాయింట్లు: తిరుపతి, చిత్తూరు షెడ్లలో గాలి ముందు ఎక్కడ పట్టు తప్పిస్తుంది

గాలివానకు రేకుల షెడ్డు లేచిపోయిన చోట శిథిలాలను నిదానంగా చూస్తే, పర్లిన్లు, అంటే రేకును మోసే అడ్డ ఉక్కు కడ్డీలు, సగానికి విరిగి పడిన సందర్భాలు తక్కువ. స్క్రూ ఊడిన రంధ్రాలు, కోలగా సాగిన బోల్టు రంధ్రాలు, పర్లిన్‌ను కింది దూలానికి కలిపే క్లీట్లు పక్కకు వంగడం, వాషర్ చుట్టూ చిరిగిన రేకు, ఇవే ఎక్కువ కనిపిస్తాయి. పర్లిన్ లోతు, మందం, పొడవు డిజైనర్ లెక్కలో పేజీలకు పేజీలు ఆక్రమిస్తాయి. జాయింటుకు మాత్రం డ్రాయింగు మూలన "2 బోల్టులు, 12 మి.మీ." అని ఒక్క ముక్క మిగులుతుంది. వేడి చేయకుండా, రోలర్ల మధ్య మడిచి చేసిన కోల్డ్ ఫార్మ్‌డ్ స్టీల్ పైకప్పులో ఇది తలకిందుల పద్ధతి. అక్కడ లోహం మందం 1.2 నుంచి 3 మి.మీ. మధ్యే ఉంటుంది. మందపాటి ఐ బీముల జాయింట్లతో పెరిగిన అలవాట్లు ఆ మందానికి పనికిరావు.

రేణిగుంట, గాజులమండ్యం పరిసరాల గోదాములు, శ్రీసిటీ కర్మాగారాలు, చిత్తూరు చుట్టూ ఉన్న తోతాపురి గుజ్జు యూనిట్లు, పల్లెల్లోని కోళ్ల షెడ్లు పరిమాణంలో ఒకదానికొకటి పోలిక లేనివే. పైకప్పు నిర్మాణం మాత్రం దాదాపు అన్నిటిదీ ఒకటే: రాఫ్టర్ల, అంటే వాలు దూలాల మీద జెడ్ లేదా సి ఆకారపు పర్లిన్లు, వాటి మీద రంగు రేకు. ఈ ప్రాంతంలో ఆ కప్పును పరీక్షించేది బరువు కాదు, మంచు ఎలాగూ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తుపాను గాలి ఒకటి, మామిడి కాయలు రాల్చే ఏప్రిల్, మే నెలల గాలివాన మరొకటి. రెండూ కప్పును కిందికి నొక్కడం కంటే పైకి పీల్చడమే ఎక్కువ. కాబట్టి జాయింటును "ఇది ఎంత బరువు మోస్తుంది" అని కాక "ఇది ఎంత లాగుడును ఆపుతుంది" అనే ప్రశ్నతో మొదలుపెట్టాలి.

గాలి వేగం ఎంత తీసుకోవాలన్నది మొదటి మెట్టు. గాలి భారాలకు మన ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రతిలో నెల్లూరు, చెన్నైలకు ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. తిరుపతి, చిత్తూరు జిల్లాలు ఈ రెండు అంచుల మధ్య ఉన్నాయి. సత్యవేడు వైపు స్థలానికీ పలమనేరు వైపు స్థలానికీ ఒకే అంకె వేసుకోవడం పొరపాటు. పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 33కు బదులు 50 అయితే పీడనం దాదాపు 2.3 రెట్లు. పడమటి వైపు షెడ్డు డ్రాయింగును తూర్పు వైపు స్థలానికి అలాగే ఎత్తుకొచ్చి కట్టడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క అంకె చెబుతుంది. స్థలాన్ని పటంలో గుర్తించి, చుట్టూ పొలాలా, కట్టడాలా, గుట్ట వాలా అన్నది చూసి మిగతా గుణకాలు వేయాలి.

ఒక లెక్క పట్టుకుంటే విషయం తేటగా ఉంటుంది. గుణకాలన్నీ వేశాక రూపకల్పన పీడనం చదరపు మీటరుకు 1.0 కిలోన్యూటన్, అంటే సుమారు 100 కిలోల బరువు అనుకుందాం. రాఫ్టర్ల మధ్య దూరం 6 మీటర్లు, పర్లిన్ల మధ్య 1.4 మీటర్లు, కప్పు వాలు 10కి 1. బయటి పీల్పు గుణకం 0.9, గోడల్లో మధ్యరకం సందులున్న షెడ్డుకు లోపలి నెట్టుడు 0.5. మొత్తం 1.4. ఒక బేలో, అంటే రెండు రాఫ్టర్ల నడుమ, ఒక పర్లిన్‌కు చెందిన విస్తీర్ణం 8.4 చదరపు మీటర్లు కాబట్టి గాలి పైకి లాగేది 11.8 కిలోన్యూటన్లు. దాన్ని 1.5తో పెంచి, రేకు, పర్లిన్ల సొంత బరువును 0.9తో తగ్గించి తీసేస్తే దాదాపు 16.9 మిగులుతుంది. పర్లిన్లు వరుసగా అతుక్కుని పోతున్నప్పుడు చివరి నుంచి రెండో రాఫ్టర్ మీద ప్రతిచర్య ఇంకా ఎక్కువ. అక్కడ ఒక్క క్లీట్ మీద 19 కిలోన్యూటన్లు, సుమారు 1,900 కిలోల పైకి లాగుడు. ఎండాకాలంలో ఇదే పర్లిన్ కింద నిలబడితే దాని మీదున్న బరువు వంద కిలోలు కూడా ఉండదు.

లోపలి గుణకం 0.5 అన్నది కూడా గ్యారంటీ కాదు. గోడల్లో సందులు 5 శాతం లోపుంటే 0.2, 20 శాతం దాటితే 0.7 అని కోడ్ చెబుతుంది. గాలివాన ఎత్తుకున్నప్పుడు లారీ కోసం తెరిచిన పెద్ద రోలింగ్ షట్టర్ మూయకపోతే షెడ్డు ఒక వర్గం నుంచి మరో వర్గంలోకి మారిపోతుంది. పై లెక్కలో 0.7 వేస్తే ఆ క్లీట్ మీద 19 కాస్తా దాదాపు 22 అవుతుంది. షట్టర్ మూసే ఉంటుందన్న నమ్మకంతో జాయింటు లెక్కించకూడదు.

ఇక ఆ లాగుడు వెళ్లే దారిని పైనుంచి కిందికి వెంబడించాలి: రేకు, స్క్రూ, పర్లిన్, బోల్టు, క్లీట్, వెల్డింగు, రాఫ్టర్.

రేకును పర్లిన్‌కు పట్టి ఉంచే స్వీయ రంధ్ర స్క్రూ, అంటే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ, మూడు రకాలుగా ఓడిపోతుంది. పర్లిన్ నుంచి మరలతో సహా ఊడి రావచ్చు. స్క్రూ అలాగే ఉండి, రేకు దాని తల మీదుగా చిరిగి జారిపోవచ్చు. స్క్రూ కాండమే తెగిపోవచ్చు, ఇది అరుదు. కోల్డ్ ఫార్మ్‌డ్ ఉక్కుకు మన ప్రమాణం ఐఎస్ 801 సంవత్సరం 1975 నాటిది, అనుమతించిన ఒత్తిడి పద్ధతిలో రాసింది. అందుకే స్క్రూల దగ్గర ఎక్కువ మంది అమెరికా కోడ్ ఏఐఎస్ఐ ఎస్100 సూత్రాలను వాడుతున్నారు. ఊడి రావడానికి ఆ సూత్రం సులువైనది: 0.85ను పర్లిన్ మందంతో, స్క్రూ వ్యాసంతో, ఉక్కు తెగే బలంతో గుణించాలి. 5.5 మి.మీ. స్క్రూ, తెగే బలం 420 మెగాపాస్కల్స్ ఉన్న ఉక్కు తీసుకుంటే 2 మి.మీ. పర్లిన్‌లో 3.9 కిలోన్యూటన్లు, 1.5 మి.మీ.లో 2.9, 1.2 మి.మీ.లో 2.4 వస్తుంది. దీన్ని 0.5తో తగ్గించాకే వాడాలి. అంటే నమ్మదగింది వరుసగా 1.96, 1.47, 1.18 మాత్రమే.

మీటరు వెడల్పుకు నాలుగు స్క్రూలు వేస్తే పై షెడ్డు మధ్యభాగంలో ఒక్కో స్క్రూ మీద సుమారు 0.7 కిలోన్యూటన్ పడుతుంది. మూడు మందాలూ సరిపోతాయి. కానీ చూరు, రెండు వాలులు కలిసే కొప్పు, గేబుల్ అంటే కొస గోడ అంచుల దగ్గర పీల్పు మధ్యభాగంతో సమానంగా ఉండదు, స్థానిక గుణకాలు బాగా పెరుగుతాయి. అది రెట్టింపు అయిందనుకుంటే ఒక్కో స్క్రూ మీద 1.4. అప్పుడు 1.5 మి.మీ. పర్లిన్ అంచుకు వచ్చి ఆగుతుంది, 1.2 మి.మీ. దాటిపోతుంది. షెడ్డు మూల నుంచి రేకు లేవడం మొదలై చాప చుట్టినట్టు చుట్టుకుపోవడానికి కారణం ఇదే. మందు ఖరీదైనది కాదు. అంచుల బేలలో పర్లిన్ల దూరం తగ్గించడం, లేదా రేకు ప్రతి గట్టు మీదా స్క్రూ వేయడం చాలు. షెడ్డంతా ఒకే దూరంతో స్క్రూలు గీసిన డ్రాయింగును ఆమోదించకపోవడమే మంచిది.

రేకు మందం దగ్గర ఒక కిటుకు ఉంది. 0.50 అని అమ్మే రేకులో జింకు, రంగు పూతలు కూడా కలిసి ఉండొచ్చు, ఉక్కు 0.45 చుట్టుపక్కలే ఉంటుంది. తల మీదుగా చిరగడాన్ని లెక్కించేది ఉక్కు మందంతోనే. పైగా గంటల తరబడి ఊగే గాలికి రేకు వాషర్ చుట్టూ అలసి పగులుతుంది, ఒక్కసారి లాగి చూసిన పరీక్షలో అది బయటపడదు. కొనుగోలు ఆర్డరులో పూత కలిపిన మందం కాక ఉక్కు మందం రాయించుకోవాలి.

స్క్రూ వేసే చేతి పనిలోనూ లెక్క తప్పుతుంది. దెబ్బ కొడుతూ తిప్పే ఇంపాక్ట్ యంత్రంతో బిగిస్తే పలుచని పర్లిన్‌లో మరలు అరిగిపోతాయి, కింది రబ్బరు వాషర్ బయటికి నలిగి వస్తుంది. పైకి స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, పట్టు ఉండదు. లోతు ఆపే ముక్కున్న స్క్రూగన్ వాడాలి. వాషర్ రబ్బరు లోహపు అంచుతో సమానంగా రాగానే ఆగాలి. పర్లిన్ దాటి కనీసం మూడు మరలు కిందికి కనిపించాలి. రెండు పర్లిన్లు ఒకదానిలో ఒకటి ఒదిగిన ల్యాప్ దగ్గర మొత్తం మందం పెరుగుతుంది కనుక అక్కడ డ్రిల్లు కొన పొడవు చాలకపోతే స్క్రూ మధ్యలో ఇరుక్కుంటుంది. ఆ స్థానాలకు పొడవు కొన ఉన్నవి వేరే డబ్బాలో పంపాలి.

పర్లిన్ నుంచి రాఫ్టర్‌కు వచ్చేసరికి అసలు ప్రశ్న ఎదురవుతుంది: పర్లిన్‌ను దేనితో పట్టుకోవాలి, నిలువు ముఖమైన వెబ్‌తోనా, అడ్డ రెక్క అయిన కింది ఫ్లాంజ్‌తోనా? చిన్న షెడ్లలో, ముఖ్యంగా కోళ్ల షెడ్లలో, సి పర్లిన్‌ను నేరుగా రాఫ్టర్ మీద పెట్టి కింది ఫ్లాంజ్‌లోంచి బోల్టు వేసి సరిపెడుతుంటారు. బరువు కిందికి ఉన్నంతకాలం అది నిలుస్తుంది. గాలి పైకి లాగితే బలం వెబ్‌లో పుట్టి, ఫ్లాంజ్‌ను వంచి, బోల్టు దగ్గరికి రావాలి. బోల్టు వెబ్ నుంచి 25 మి.మీ. దూరంలో ఉంటే, బోల్టుకు 4.2 కిలోన్యూటన్లు పడినా ఫ్లాంజ్‌లో వంపు 105 న్యూటన్ మీటర్లు. 350 మెగాపాస్కల్స్ ఉక్కులో 2 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ముక్క పూర్తిగా లొంగిపోయేదాకా తట్టుకునేది 35. మూడు రెట్లు తక్కువ. ఫ్లాంజ్ నోరు తెరుస్తుంది, పర్లిన్ మెలితిరుగుతుంది. లెక్క ఒక్కసారి వేసి చూసినవారు ఈ పద్ధతిని మళ్లీ వాడరు.

సరైన దారి వెబ్. రాఫ్టర్ మీద ఒక ప్లేటు లేదా యాంగిల్ క్లీట్‌ను నిలబెట్టి వెల్డ్ చేసి, పర్లిన్ వెబ్‌ను దానికి బోల్టులతో బిగించాలి. పర్లిన్ అడుగు రాఫ్టర్‌కు తగలకుండా 5 నుంచి 10 మి.మీ. సందు వదలాలి. ఆ సందు ఉంటే బరువు బోల్టుల ద్వారా వెబ్‌లోంచే దిగుతుంది, వెబ్ అడుగు నలగడం అన్న సమస్యే పుట్టదు. సందు మూసుకుపోయి పర్లిన్ రాఫ్టర్ మీద కూర్చుంటే లెక్కలోని ఊహ తలకిందులవుతుంది. అందుకని రంధ్రాల ఎత్తు క్లీట్ మీదా పర్లిన్ మీదా ఒకే డ్రాయింగు నుంచి రావాలి.

ఇప్పుడు బోల్టు. పలుచని లోహంలో చాలాసార్లు బోల్టు తెగదు, రంధ్రం అంచు నలిగి కోలగా సాగుతుంది. ఏఐఎస్ఐ పద్ధతిలో 12 మి.మీ. బోల్టు, 1.5 మి.మీ. వెబ్, తల కిందా నట్టు కిందా వాషర్లు ఉంటే రంధ్రం నలగకుండా తట్టుకునేది, తగ్గింపు పోను, 13.6 కిలోన్యూటన్లు. వాషర్లు తీసేస్తే 10.2. వెబ్ 2 మి.మీ. అయితే ఇవి 18.1, 13.6 అవుతాయి. ఉక్కు కట్టడాలకు మన ప్రమాణమైన ఐఎస్ 800 ప్రకారం 4.6 గ్రేడు 12 మి.మీ. బోల్టు మరల దగ్గర తెగే కోత బలం 15.6. అదే 8.8 గ్రేడుకు 31. అంటే 1.5 మి.మీ. పర్లిన్‌కు 8.8 బోల్టు కొనడం వృథా ఖర్చు, ఎందుకంటే ముందు లొంగేది పర్లిన్ వెబ్. రెండు రూపాయల వాషర్ మాత్రం పాతిక శాతం బలాన్ని నిలబెడుతుంది. ఖర్చు తగ్గించుకుందామని వాషర్లు మానేయడం ఈ పనిలో కనిపించే అతి చెడ్డ పొదుపు.

రంధ్రం సైజు కూడా అంతే ముఖ్యం. 12 మి.మీ. బోల్టుకు ఐఎస్ 800 మామూలు రంధ్రం 13 మి.మీ. బిగించేటప్పుడు సులువుగా ఉంటుందని 14 పంచ్ చేస్తారు, కొందరు కోల రంధ్రమే వేస్తారు. కోల రంధ్రం వేసే పక్షంలో నలుగుడు బలాన్ని తగ్గించి లెక్కించాలి, పెద్ద వాషర్ తప్పనిసరి చేయాలి, కోల దిశ బలం దిశలో ఉండకుండా చూడాలి. అంచు నుంచి రంధ్రం మధ్యకు కనీసం ఒకటిన్నర వ్యాసం, అంటే 18 మి.మీ., రెండు బోల్టుల మధ్య మూడు వ్యాసాలు, 36 మి.మీ. ఉండాలి. సైటులో గ్యాస్ కటింగ్‌తో రంధ్రం పెద్దది చేయడం ఏ పరిస్థితిలోనూ కుదరదు. లోహం అంచు కాలుతుంది, జింకు పోతుంది, ఆకారం చెడుతుంది.

ముందటి 19 కిలోన్యూటన్లను రెండు బోల్టులు పంచుకుంటే ఒక్కొక్కదానికి 9.5, ఇది నిలుస్తుంది. రెండు రంధ్రాలుండగా ఒక్క బోల్టుతో సరిపెడితే 15.6 బలం మీద 19 పడుతుంది. పైనుంచి చూస్తే ఆ తేడా కనబడదు, ఎందుకంటే పర్లిన్ కదలకుండానే ఉంటుంది, ఒక పెద్ద గాలి వచ్చేదాకా.

జెడ్ పర్లిన్ల ల్యాప్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే లెక్కలో దాన్ని కొనసాగింపుగా తీసుకుంటారు, బిగింపులో మాత్రం ఒదిగిస్తే చాలనుకుంటారు. జెడ్‌లో ఒక ఫ్లాంజ్ కొంచెం వెడల్పు, ఒకటి కొంచెం ఇరుకు. ఒకదాన్ని తిప్పి పెడితే ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. రాఫ్టర్ మీద వంపు బలం ఒక పర్లిన్ నుంచి మరొకదానికి చేరేది ఒదగడం వల్ల కాదు, ల్యాప్ చివరల్లోని బోల్టుల వల్ల. పై షెడ్డులో ఆ వంపు దాదాపు 10 కిలోన్యూటన్ మీటర్లు. ఒక్కో పర్లిన్ సగం మోస్తుందనుకుంటే 5. ల్యాప్ రాఫ్టర్‌కు అటూ ఇటూ 300 మి.మీ. ఉంటే, ల్యాప్ చివర బోల్టుల మీద 5ను 0.3తో భాగిస్తే 16.7. రెండు బోల్టులకు చెరి 8.3. ఇది 1.5 మి.మీ. వెబ్‌కు వాషర్ లేకున్నా సరిపోతుంది. ఉక్కు మిగుల్చుకుందామని ల్యాప్‌ను చెరో 200 మి.మీ.కు కుదిస్తే బలం 25కు పెరిగి ఒక్కో బోల్టుకు 12.5 పడుతుంది. వాషర్ లేని జాయింటు అక్కడే లొంగుతుంది. చెరో 150 చేస్తే ఒక్కో బోల్టుకు 16.7, వాషర్లున్నా నిలవదు. ల్యాప్ చివర రాఫ్టర్ మధ్య నుంచి పర్లిన్ లోతుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలన్న నియమం ఉంది. 200 మి.మీ. లోతుకు అది చెరో 300 అవుతుంది.

ల్యాప్ బోల్టులు కోల రంధ్రాల్లో ఉంటే ఇంకో సంగతి జరుగుతుంది. అవి కదిలి పట్టుకునేలోపే రాఫ్టర్ మీద కొనసాగింపు కొంత పోతుంది, ఆ వంపు పర్లిన్ నడిమికి చేరుతుంది. అంటే జాయింటు వదులైతే శిక్ష నడుమకు. చివరి బేలో 2 మి.మీ., లోపలి బేలలో 1.5 మి.మీ. పర్లిన్లు వాడటం మామూలే. ఈ రెండూ కలిసే ల్యాప్‌లో పలుచనిదాన్నే ఆధారంగా లెక్కించాలి.

క్లీట్ వైపు తిరిగితే, అక్కడ కొలిచేది వాలు వెంబడి జారుడు బలం. 6 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు ప్లేటు క్లీట్ తన బలహీనమైన దిశలో వంగుతుంది. సాధారణ 250 మెగాపాస్కల్స్ ఉక్కుతో అది తట్టుకునేది సుమారు 136 న్యూటన్ మీటర్లు. బోల్టుల మధ్యబిందువు రాఫ్టర్ నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉంటే 1.36 కిలోన్యూటన్ల జారుడుకే సరి. 10కి 1 వాలులో, చదరపు మీటరుకు 0.75 కిలోన్యూటన్ల చరభారం కలిపితే, ఒక్కో పర్లిన్ జారుడు 1.06 వస్తుంది, కాబట్టి క్లీట్ నిలుస్తుంది. అదే క్లీట్‌ను 20 డిగ్రీల వాలున్న కల్యాణ మంటపం కప్పుకు ఎత్తుకెళ్తే జారుడు 2.8. అక్కడ వెనక త్రికోణపు స్టిఫెనర్ లేకుండా కుదరదు. క్లీట్‌ను ఒక వైపే వెల్డ్ చేయడం కూడా ఈ వంపుకే చాలదు. వెల్డింగు పొడవు బలానికి సరిపోయినా, ఒక వైపు వేసింది తెరుచుకుంటుంది, రెండు వైపులా వేయాలి. పర్లిన్‌ను మాత్రం రాఫ్టర్‌కు వెల్డ్ చేయకూడదు. పలుచని ఉక్కు కాలి రంధ్రం పడుతుంది, జింకు పూత ఆవిరైపోతుంది.

జెడ్ పర్లిన్ పై ఫ్లాంజ్ కొప్పు వైపు చూసేలా పెట్టాలి. అలా పెడితే మెలి తిరిగే గుణం తగ్గుతుంది. పర్లిన్లను ఒకదానితో ఒకటి కలిపే శాగ్ రాడ్లు వాలు వెంబడి జారుడును కొప్పుకు చేరుస్తాయి. ఒక వైపు వాలులో 14 పర్లిన్లుంటే, నడిమి రాడ్డు మీద చివరకు పోగయ్యేది సుమారు 9 కిలోన్యూటన్లు. 12 మి.మీ. రాడ్డుకు అది పెద్ద బరువు కాదు. కానీ కొప్పు దగ్గర రెండు వైపుల పర్లిన్లనూ రాడ్డుతో కలపకపోతే ఆ 9 అంతా కొప్పు పర్లిన్‌ను పక్కకు వంచుతుంది. ఇంకో విషయం తరచుగా మరుస్తారు. గాలి పైకి లాగినప్పుడు నొక్కుడుకు లోనయ్యేది కింది ఫ్లాంజ్, దాన్ని పట్టుకునే రేకు అక్కడ లేదు. పై ఫ్లాంజ్ దగ్గరే రాడ్లన్నీ వేసిన షెడ్డు గాలి దగ్గరకొచ్చేసరికి కట్టులేని షెడ్డే. కనీసం అంచుల బేలలో కింది ఫ్లాంజ్‌ను పట్టే యాంగిల్ బ్రిడ్జింగు ఉండాలి, దాని చివరలు బోల్టుతో బిగించి ఉండాలి.

ఎండ సంగతి చెప్పకుండా ఈ ప్రాంతపు షెడ్డు గురించి చెప్పడం కుదరదు. 30 మీటర్ల పొడవు రేకు 40 డిగ్రీల తేడాకు 14 మి.మీ. సాగుతుంది. రోజూ సాగి ముడుచుకునే ఆ కదలిక స్క్రూను అటూ ఇటూ వాల్చి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. అంత పొడవు రేకును ఒకే ముక్కగా వేస్తే జారే క్లిప్పులున్న కప్పు మేలు. గుజ్జు యూనిట్లలో ఆవిరి, పండ్ల ఆమ్లం కలిసి స్క్రూ మీద పని చేస్తాయి. వంటపాత్రల పైన ఉండే బేలకు ఎక్కువ పూత ఉన్న పర్లిన్లు, చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు, అంటే ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్లు ఉన్నవి తీసుకోవాలి. డ్రిల్లు పొట్టు రేకు మీద మిగిలిపోతే తొలి వానకే తుప్పు మరకలు దిగుతాయి, సాయంత్రం పని ఆపేముందు ఊడ్చాలి.

తనిఖీ రేకు ఎక్కక ముందే జరగాలి. ల్యాప్ బోల్టుల సంఖ్య, వాషర్లు, క్లీట్ కింది సందు, రాడ్ల నట్లు వెబ్‌కు రెండు వైపులా బిగిసి ఉన్నాయా అన్నవి అప్పుడే తేలిగ్గా చేతికి అందుతాయి. రేకు ఎక్కాక ఊడిన స్క్రూ కనబడితే, అదే రంధ్రంలో అదే సైజు మళ్లీ తిప్పకూడదు. మరలు పట్టే లోహం అక్కడ మిగలదు. 6.3 మి.మీ. స్క్రూ వేయాలి. పట్టకపోతే, పక్కన కనీసం మూడు వ్యాసాల దూరంలో కొత్తది వేసి, పాత రంధ్రాన్ని నీరు దిగకుండా మూయాలి.